ఇప్పచెట్ల మీద డ్రోను

అడవి అంచున ఉన్న కోంటలో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళకి ఆకాశం నుంచి తీసిన వీడియో కావాలంటే ఇప్పుడు భద్రాచలం నుంచి మనిషిని పిలిపించుకోవాల్సిందే. ఊళ్ళో డ్రోను లేక కాదు. శ్రీరంగం ఫోటో స్టూడియోలో ఉంది. దాన్ని ఎగరెయ్యడానికి హైదరాబాదులో నేర్చుకుని తెచ్చుకున్న పైలట్ పత్రం కూడా గోడ మీద అద్దంలో ఉంది. అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపి, "కింద నుంచే తీస్తాలెండి" అంటాడు. మరీ గుచ్చి అడిగితే షట్టరు దించేస్తాడు. పొగరనుకునేవాళ్ళు అనుకుంటారు. పొగరు కాదు, సిగ్గు.

ఆ సిగ్గు సంగతి చెప్పాలంటే ముందు అతగాడి గొప్ప చెప్పాలి. తండ్రి ఇప్పపువ్వు, చింతపండు కొనే కిరాణా వ్యాపారి. కొడుక్కి తక్కెడ పట్టుకోవడం నామోషీ. కెమెరా పట్టాడు, డ్రోను కొన్నాడు, హైదరాబాదు వెళ్ళి పాఠాలు విన్నాడు. తిరిగొచ్చాక బజారులో ఎవరు కనబడినా వదిలేవాడా! ఫోనులో పటం తెరిచి, "ఇదిగో, పచ్చగా ఉన్నచోట నాలుగొందల అడుగుల దాకా ఎగరెయ్యొచ్చు. పసుపు ఉంటే పర్మిషన్ తీసుకోవాలి. ఎరుపు ఉంటే ఢిల్లీ ఒప్పుకోవాలి. జనం నెత్తి మీద తిప్పకూడదు. కంటికి ఆననంత దూరం పంపకూడదు" అని ఒకటే ఊదర. టీకొట్టు వాడైతే నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేలా తయారయ్యాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ మరి.

ఆ ఎండాకాలం మొదట్లో బట్టలకొట్టు చక్రధరరావు కూతురి పెళ్ళి కుదిరింది. ఆయన స్టూడియోకి వచ్చి కూర్చున్నాడు.

"ఏందయ్యా రంగం, అందరూ తీసేదే నువ్వూ తీస్తవా? తెల్లారంగనే అడవిల ఇప్పపువ్వు రాలుతుంటది సూడు, అది పైకెళ్ళి తియ్యి. మగపెళ్ళోళ్ళు నోళ్ళు తెరవాలె."

పటంలో ఆ అడవి ఎర్రగా ఉంది. శ్రీరంగం చూశాడు. చూడలేదంటే అబద్ధం. కాని అతని డ్రోను పావుకిలో కూడా తూగదు. అంత చిన్నదానికి పైలట్ పత్రం అక్కర్లేదని రూలు. పత్రం అక్కర్లేదన్న మాటని పర్మిషనే అక్కర్లేదన్నంత వరకూ లాగాడు. చిన్నదానికైనా ఎరుపు ఎరుపేనని ఊరందరికీ పాఠం చెప్పినవాడికి తెలియదా? తెలుసు. "ఇంత బొమ్మని ఎవడు పట్టించుకుంటాడులే" అనుకున్నాడు.

తెల్లవారుతుండగా గుట్టకి ఇవతల బండి ఆపి డ్రోను ఎగరేశాడు. గుట్ట దాటితే కంటికి ఆనదు. దాటించాడు.

తెర మీద ఇప్పచెట్లు కనబడ్డాయి. ఒక్కో చెట్టు ఒక్కో ఇంటివాళ్ళది. కింద ఆకులు ఊడ్చి శుభ్రం చేసిన నేల మీద పసుపుపచ్చగా పువ్వు, బుట్టలు పెట్టుకుని వంగి ఏరుకుంటున్న ఆడవాళ్ళు. అందంగా ఉంది. ఇంకా బాగుంటుందని డ్రోనుని కిందికి దించాడు.

ఆ రొద వినబడగానే అందరూ ఒక్కసారి తలెత్తారు. మరుక్షణం బుట్టలు ఎక్కడివక్కడ పడేసి అడవిలోకి పరుగు.

శ్రీరంగానికి మొట్టమొదట కలిగినది సంతోషం. అవును, సంతోషం! "అబ్బ, ఏం షాటు!" అని పైకే అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఈనాటికీ అతనికి అన్నం సయించదు.

హైదరాబాదువాడైతే తెలియక చేశాననొచ్చు. ఇతను కోంటలో పుట్టి పెరిగాడు. ఆ అడవిలో పలక పట్టని పిల్లకి కూడా డ్రోను అన్న మాట తెలుసు. పైన అది తిరిగితే ఆ వెనకాల నక్సలైట్ల వేటకి పోలీసుల తుపాకులొస్తాయని వాళ్ళ భయం. ఎవరిది, ఎంత బరువు అని నిలబడి అడిగేవాళ్ళు ఉండరు. ఇదంతా ఎరిగిన మనిషి సంబరపడ్డాడు.

చెట్ల కింద ఎవరూ మిగల్లేదు. డ్రోను వెనక్కి తిప్పబోతూ తెర వంక చూస్తే, ఒక కొమ్మకి కట్టిన చీర ఉయ్యాల ఊగుతోంది. కింద బుట్టలు కదలడం లేదు, ఆకు కదలడం లేదు. ఉయ్యాల ఒక్కటే ఊగుతోంది. దానికి కాస్త దూరంలో, చలికి వేసుకున్న నెగడు నుంచి నిప్పు ఎండుటాకుల్లోకి పాకుతోంది.

డ్రోనుని వెనక్కి రప్పించి సంచిలో కుక్కి గుట్టకి అడ్డంపడి పరిగెత్తాడు. ముళ్ళు గీరుకున్నా ఆగలేదు. అతను చేరేసరికి పొగ ఉయ్యాల దాకా వచ్చింది. బిడ్డని లాగి చంకనేసుకుని, మంటని బూట్లతో తొక్కాడు. ఏడ్చి ఏడ్చి పసివాడి గొంతు పోయింది. ఎవరివో మేకలు అప్పటికే పువ్వు మేస్తున్నాయి.

చాలాసేపటికి ఒక్కొక్కరే చెట్ల చాటు నుంచి వచ్చారు. ముందు వచ్చినామె పేరు కోసే. శ్రీరంగం తండ్రి కొట్లో ఏటా ఇప్పపువ్వు అమ్మే ముసలమ్మ, ఆ బిడ్డకి నాయనమ్మ. కాలిన ఆకుల్ని, అతని చేతుల్లో మనవణ్ణి చూసి చేతులెత్తి మొక్కింది.

"దేవుడల్లే వచ్చినవ్ బాబూ! లేకుంటే మా పోరడు బుగ్గయిపోతుండె!"

బిడ్డ ఆమె చేతుల్లోకి వెళ్ళాడు. ఎవరో సొరబుర్రలో నీళ్ళు తెచ్చిచ్చారు. శ్రీరంగం తాగాడు. సంచి భుజానే ఉంది.

బిడ్డ తల్లి కమ్లీ అందరికంటే వెనక నిలబడింది. కోసే అటు తిరిగింది.

"ఏందే, కన్నపిల్లగాణ్ణి ఇడిసి ఉరికినవ్? గొడ్డు గూడ దూడను ఇడిసి ఉరకదు గదనే!"

కమ్లీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పసివాడు ఆమెవైపు వాలుతున్నా చేతులు చాచలేదు. పక్కనున్నవాళ్ళు కూడా, తామూ పరిగెత్తినవాళ్ళే, ఆమెని ఎగాదిగా చూశారు.

నోరు మూసుకుని బండెక్కితే చాలు, శ్రీరంగం దేవుడిగానే మిగులుతాడు. కమ్లీ మాత్రం బతికినన్నాళ్ళూ బిడ్డని వదిలేసిన తల్లి అవుతుంది. చెబితే వాళ్ళు కొట్టొచ్చు. పోలీసు ఠాణా దాకా పోవచ్చు. రెండడుగులు బండి వైపు వేశాడు కూడా. కోసే వెనకనుంచి, "తిని పో బాబూ, జావ గాస్త" అంది. ఆ మాటతో అతని కాళ్ళు ఆగిపోయాయి.

సంచి విప్పి డ్రోను తీసి నేల మీద పెట్టాడు.

"ఆమెని అనకవ్వా. ఇది నాది. పెళ్ళి వీడియో కోసం నేనే ఎగరేసిన. మీరు ఉరికింది నా వల్లనే."

ఎవరూ అతని మీదికి రాలేదు. వస్తే బాగుండుననిపించింది. కోసే మనవణ్ణి ఎత్తుకునే వంగి, రెక్కలు ముడుచుకుని ఉన్న ఆ వస్తువుని వేలితో కదిపింది.

"గింతదా?" అంది. "గింతదానికా మేం ఉరికింది!"

ఇంత బొమ్మేగా అని తను అనుకున్న మాటే ఆమె నోట వినేసరికి శ్రీరంగం తల ఎత్తలేకపోయాడు.

అప్పుడు కమ్లీ మొదటిసారి ముందుకొచ్చింది.

"అన్నా, అండ్ల నేను ఉరికేది పడ్డదా?"

"పడ్డది."

"తుడిచెయ్యి అన్నా," అంది. "ఈడు పెద్దోడయినంక సూడొద్దు."

అతను ఆమె ఎదుటే ఆ వీడియో అంతా చెరిపేశాడు. తెర ఖాళీ అయ్యేదాకా కమ్లీ రెప్ప వెయ్యలేదు. ఆ తర్వాతే బిడ్డ కోసం చేతులు చాచింది.