తాబేలు వాటా కూర

భైంసా నుంచి నిర్మల్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న ముసలాయన ఒళ్లో గంప, అందులో తాబేలు. గంగవాయిలి కూర కట్ట విప్పి దానికి ఒక్కో రెమ్మా అందిస్తున్నాడు.

"మా బేగం పెంచింది. ఆమె పోయినంక నేనే పెడ్తున్న. నిన్న మందార పూలు, ఇయ్యాల గిది. రోజూ ఒక్కటే పెడితే చిప్ప మెత్తబడ్తది."

తాబేలుకు ఇంత మర్యాదా అని నాకు నవ్వొచ్చింది. ఆయన నావైపు తిరిగాడు.

"నువ్వేం తిన్నవ్ బేటా?"

"పచ్చడన్నం."

"నిన్న?"

"అదే. ఒక్కన్నే గదా, ఏదైతేంది?"

"గిది గూడ ఒక్కటే గదా," అంటూ తాబేలు చిప్పను నిమిరాడు.

మిగిలిన కూరను రెండు పాళ్లు చేసి, ఒకటి నా సంచిలో పెట్టి దిగిపోయాడు.

ఆ సాయంత్రం దాన్ని పప్పులో వేసి వండుకున్నాను. నిన్నేం తిన్నావని ఆ తర్వాత నన్ను మరెవరూ అడగలేదు.