పంటు విప్పిన పిల్ల

పొద్దున్నే రేవులో పంటు ఇంజను మొదలవగానే డీజిలు వాసన గుప్పుమంటుంది. అందరూ ముక్కు మూసుకుంటారు. నాకు సుగుణ గారు గుర్తొస్తారు. పంటు అంటే ఏమిటో మా కోనసీమ బయటివాళ్ళకి చెప్పాలి. రెండు పడవలు జతచేసి, పైన బల్లలు పరిచి, మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ గోదావరి పాయ దాటించేది. దాన్ని నడిపే సరంగు సత్తిబాబు గారు నేను ఎక్కగానే "ఏమ్మా, రాత్రి పడుకున్నావా?" అంటారు. "ఆయ్, పడుకున్నానండి" అంటాను. అవతలి ఒడ్డున బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మని సరంగు రోజూ నిద్ర గురించి అడగడమేమిటని కొత్తవాళ్ళు వింతగా చూస్తారు. ఆ ప్రశ్న ఆయనది కాదు, సుగుణ గారిది.

ఆవిడ ప్రొబేషన్ ఆఫీసరు. నేరం చేసిన పిల్లల సంగతి విచారించి, వాళ్ళని ఏం చేస్తే బాగుంటుందో పిల్లల కోర్టుకి చెప్పడం ఆవిడ ఉద్యోగం. పదహారేళ్ళప్పుడు నేను ఆవిడ చేతిలో పడ్డాను. ఇంటర్ మొదటి సంవత్సరం. కొన్నాళ్ళుగా నాకు నిద్ర లేదు, దాని అవసరమూ తోచలేదు. పెద్ద వరద వస్తోందనీ, ఊళ్ళోవాళ్ళని దాటించే పని దేవుడు నాకే అప్పజెప్పాడనీ గట్టిగా నమ్మేశాను. ఒక ఉదయం సత్తిబాబు గారు పాకలో టీ తాగుతుంటే, జనం ఎక్కి కూర్చున్న పంటు తాడు విప్పేశాను. ప్రవాహం దాన్ని లాక్కుపోయింది. ఒక మోటారు సైకిలు నీళ్ళపాలైంది, ఒక పెద్దాయన చెయ్యి విరిగింది. జనం కేకలు పెడుతుంటే, అందరూ బతికిపోయారన్న సంతోషంతో నేను ఒడ్డున చప్పట్లు కొట్టానట.

గంజాయి అన్నారు కొందరు. గాలి సోకిందని మా అమ్మ, ఒళ్ళు కొవ్వని మా బాబాయి. పోలీసు స్టేషన్లో వచ్చినవాళ్ళందరూ ఎందుకు చేశావనే అడిగారు. నేను చెప్పినకొద్దీ కొందరికి నవ్వు, కొందరికి కోపం. సుగుణ గారు వచ్చి, తడి గొడుగు మూలన ఆనించి, నా పక్కన బల్ల మీద కూర్చుని, "రాత్రి పడుకున్నావా అమ్మా?" అన్నారు. లేదన్నాను. అంతకు ముందు రాత్రి? అదీ లేదు. ఆవిడ మా అమ్మ వైపు తిరిగి, "ఈ పిల్లకి ముందు కావలసింది డాక్టరండి" అన్నారు. అప్పటిదాకా తల దించుకుని కూర్చున్న మా అమ్మ ఆ మాటకి భోరుమంది. నా పక్షాన ఎవరో ఒకరు మాట్లాడటం అదే మొదలు.

అమలాపురంలో డాక్టరుగారు చూసి, మనసు కొన్నాళ్ళు పట్టపగ్గాల్లేకుండా పరిగెత్తి, కొన్నాళ్ళు కూలబడే జబ్బని చెప్పారు. మందులున్నాయన్నారు. ఇక కోర్టు తేల్చాల్సింది ఒక్కటే. నేరం చేసిన పిల్లల్ని ఉంచే హోంకి నన్ను దూరంగా పంపడమా, ఇంట్లో ఉంచి వైద్యం చేయించడమా? ఇంట్లో ఉండాలంటే ఊళ్ళో నన్ను కనిపెట్టి ఉండే మనిషి కావాలి. అందుకు ఎవరైనా సర్పంచి దగ్గరికి వెళ్తారు. ఈ మహాతల్లి నన్ను వెంటబెట్టుకుని సరాసరి రేవుకి వెళ్ళింది.

నా మూలంగా సత్తిబాబు గారికి పని ఆగిపోయి, అప్పుడప్పుడే మళ్ళీ మొదలైంది. నన్ను చూడగానే మొహం తిప్పుకుని, ఆ పిల్లని నా కళ్ళ ముందుకి తేవద్దండి అన్నారు.

"మీ కళ్ళ ముందే ఉండాలండి" అన్నారు సుగుణ గారు. "కాలేజీకి దాటేది మీ పంటు మీదే కదండీ. ఎక్కేటప్పుడు, రాత్రి పడుకున్నావా అని అడగండి. తేడాగా ఉంటే పోలీసులకి కాదు, నాకు ఫోన్ చెయ్యండి."

"మళ్ళీ విప్పేత్తేనండి?"

"నేనూ ఇదే పంటు మీద వస్తూ పోతూ ఉంటానండి. మునిగితే కలిసే మునుగుదాం."

ఆయన నవ్వలేదు. తాడు చుట్టడం పూర్తిచేసి, అడగడానికేముందిలెండి అని గొణిగారు. కోర్టు ఒప్పుకుంది.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. బాగుంది గనక ఇంక మాత్రలెందుకనుకున్నాను. అవి వేసుకుంటే ఒళ్ళు బరువు, క్లాసులో కునికిపాట్లు. రోజూ పంటు మీంచి ఏట్లో పారేసేదాన్ని. నిద్ర మళ్ళీ పోయింది. అయినా "పడుకున్నానండి" అనేదాన్ని. ఒకరోజు ఆయన అడగకముందే జవాబు చెప్పేసి, ఎక్కినవాళ్ళందరితో గలగలా మాట్లాడటం మొదలుపెట్టాను. సత్తిబాబు గారు తాడు విప్పలేదు. ఫోన్ తీశారు. నేను ఆయన్ని అందరి ముందూ నోటికొచ్చినట్టు తిట్టాను. కాలేజీకి ఆలస్యమవుతోందని జనం ఆయన మీదే విసుక్కున్నారు.

సుగుణ గారు ఆటోలో దిగారు. హోం ఖాయమనుకున్నాను. ఆవిడ నన్ను పాకలో కూర్చోబెట్టి, విషయం రాబట్టి, "మాత్రలు గోదారమ్మకి పోస్తున్నావా? పాపం, ఆవిడకేం జబ్బమ్మా?" అన్నారు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఇన్ని అబద్ధాలు చెప్పాను కదా, నన్ను పంపెయ్యరా అని అడిగాను.

"నువ్వు చెప్పావు, ఆయన పట్టుకున్నారు. ఆయన్ని పెట్టింది అందుకే కదా."

జరిగినదంతా కోర్టుకి దాచకుండా చెప్పారావిడ. ఎవరికీ దెబ్బ తగలకముందే ఫోన్ వచ్చింది గనక ఏర్పాటు పనిచేస్తోందనీ చెప్పారు. డాక్టరుగారు మందు మార్చారు. కునికిపాట్లు తగ్గాయి. నేను ఊళ్ళోనే ఉన్నాను, ఊళ్ళోంచే ఏరు దాటి చదువుకున్నాను.

కేసు ఎప్పుడో మూసేశారు. సుగుణ గారు నిరుడు పోయారు. ఆవిణ్ణి చర్చికి తీసుకెళ్ళిన రోజు సత్తిబాబు గారు పంటు కట్టేసి, తెల్లచొక్కా వేసుకుని వచ్చి చివరి వరసలో నిలబడ్డారు. తిరిగొస్తూ ఆయనతో, ఇక నన్ను అడగక్కర్లేదండి, కేసు లేదు కదా అన్నాను.

"మేడంగారు అడగమన్నారు గానీ, ఆపమన్లేదమ్మా" అన్నారు.

మొన్న సోమవారానికి నాకు నిద్ర లేక మూడో రోజు. మా పాపకి జ్వరం కదా, అందుకే నిద్ర పట్టడం లేదని ఇంట్లో సర్దిచెప్పాను. రేవులో ఆయన ఎప్పటిలాగే అడిగారు. పడుకున్నానండి అన్నది నాలిక చివరిదాకా వచ్చింది. "లేదండి" అన్నాను. ఆయన ఇంజను ఆపేశారు. డాక్టరుగారికి నేను ఫోన్ చేసి మాట్లాడేదాకా పంటు కదల్లేదు. వెనక మోటారు సైకిళ్ళవాళ్ళు హారన్లు కొడుతూనే ఉన్నారు.