అడ్డం ఇరవై మూడు

ఎమర్జెన్సీ వచ్చి పోయి, ఎనభై ఆరు నాటి గోదావరి వరద ఇంకా రాక, వారపత్రికలోని గళ్ళ పజిలును పూరించడమే చదువుకున్నవాడి చదువుకు గీటురాయిగా చెల్లుతున్న ఆ రోజులలో, పి.గన్నవరం చేరువ పల్లెలో బడి పంతులుగా, శుభలేఖలలో ఒత్తులూ దీర్ఘాలూ సరిచూచే పెద్దగా, అన్నిటినీ మించి చర్చి ఆరాధనలో పెన్సిలు పట్టుకుని కూర్చునే ఏకైక విశ్వాసిగా నేలపూడి దేవసహాయం మేష్టారు పేరు మోశారు.

ఆ పెన్సిలే ఆయన కీర్తికి మూలం. పేతురు అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టిన కాసేపటికే పురుషుల వైపు తలలు పండిన వరివెన్నుల్లా వాలిపోయేవి. మేష్టారు మాత్రం ఒడిలో తెరిచిన బైబిలు మీద చూపు నిలిపి, నుదురు ముడిచి, ఏదో రాసుకుంటూ ఉండేవారు. తన వాక్యాన్ని పొల్లుపోకుండా రాసుకుంటున్నారని అయ్యగారు మురిసిపోయేవారు. బైబిలు నడుమ ఉన్నది తొలి బస్సులో దిగిన వారపత్రిక పుట అనీ, ఆయన ధ్యానిస్తున్నది నిలువు ఏడు అనీ భార్య విజయకుమారి గారికి ఒక్కరికే తెలుసు. అవధాని సమస్యను పూరించినట్టు, ఆశీర్వచనం వేళకు మేష్టారు గళ్ళన్నీ నింపేవారు. సందేహం మిగిలిన మాటను ఇంటికి వెళ్ళి నిఘంటువులో సరిచూసుకున్నాకే అన్నం ముట్టేవారు. ఆ విషయంలో ఆయనది నిజమైన భక్తే.

అంతలో సంఘపెద్ద కుర్చీ ఖాళీ అయింది. దాని మీద మేష్టారికి ఏనాటి నుంచో మనసు. ఒక ఆదివారం, ఆరాధన కాగానే ఆయన పేరు ప్రకటిస్తామని చెప్పి, ఆనాటి వాక్యపఠనం కూడా ఆయనకే అప్పగించారు. చదవవలసింది ఇరవై మూడవ కీర్తన. పిల్లలకు సైతం కంఠస్థం. మనసేమో ఇంకా విడని చివరి ఆధారం దగ్గరే చిక్కుకుని ఉంది. ఆయన లేచి, గొంతు సవరించుకుని, గంభీరంగా పలికారు.

"అడ్డం, ఇరవై మూడు. నాలుగక్షరాలు, తడబడినవి."

వాలిన తలలన్నీ లేచాయి. పుటలు తిరగేస్తున్న చప్పుడు. ముందు చాప మీది మార్తమ్మ పక్కావిడను మెల్లగానే అడిగింది గాని, అందరికీ వినబడింది.

"అడ్డం పాత నిబంధనలో ఉందా, కొత్తదాంట్లోనా అమ్మా?"

మేష్టారి బైబిలులోంచి పత్రిక పుట జారి నేల మీద పడింది. అయ్యగారు వంగి తీసి, చూసి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆరాధన ముగిశాక మేష్టారు అరుగు మీద తలవంచుకుని నిలబడ్డారు. కుర్చీ పోయిందనే అనుకున్నారు.

"నా ప్రసంగం రాసుకుంటున్నారని ఊరూరా చెప్పుకొచ్చేనండి మేష్టారూ," అన్నారు అయ్యగారు.

"తప్పేనండి."

"ఏం రాసినా, మెలకువగా ఉన్నది మీరొక్కరేనండి. పెద్దరికం మీకే. పెన్సిలు మాత్రం ఇటిచ్చేయండి."

"ఆయ్," అని ఇచ్చేశారు.

పై ఆదివారం నుంచి మేష్టారు సంఘానికి ఎదురుగా, పెద్దల కుర్చీలో, ఉత్త చేతులతో కూర్చున్నారు. నెల తిరగకముందే ఆయన తలా వాలింది. మిగిలిన పెద్దలకన్న కొంచెం ముందుగానే. విజయకుమారి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అయ్యగారు ప్రసంగం ఆపలేదు గాని, ఆ మరుసటి ఆదివారం మేష్టారి కుర్చీలో, కొత్తగా మొన చెక్కిన పెన్సిలొకటి కనిపించింది. ఎవరు పెట్టారని ఆయన అడగలేదు.

ప్రభువు ఆ మేష్టారికి దీర్ఘాయువును, ఆ ఇల్లాలికి చెదరని చిరునవ్వును, వారి బిడ్డలకు మెలకువైన మనసును అనుగ్రహించుగాక. వారి యింట ఏ గడీ ఖాళీగా మిగలకుండుగాక.