ఆగమని చెప్పే తీగ

ఎనభైల చివర్లో నేను హన్మకొండలో, ఊళ్ల నక్షాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే ఒక ఆఫీసులో పనిచేశాను. ఆ పనికి వాడే డిజిటైజర్ అంటే మంచమంత బల్ల. దాని మీద నక్షా పరిచి, మూలలకు టేపు అంటించి, అడ్డగీతల అద్దమున్న చిన్న డబ్బాను పొలం హద్దు వెంట జరుపుతూ, వంపు వచ్చిన ప్రతిచోటా మీట నొక్కాలి. నొక్కినప్పుడల్లా ఒక చుక్క కేబుల్ గుండా కంప్యూటర్‌కు చేరేది.

బల్లకున్న తొందర కంప్యూటర్‌కు లేదు. వచ్చిన చుక్కలను ఫ్లాపీలో రాసుకునేటప్పుడు అది ఇంకో చుక్క తీసుకోదు. అందుకే కేబుల్‌లో ఒక తీగ ప్రత్యేకంగా ఉండేది. కంప్యూటర్ దాని గుండా ఆగమంటే బల్ల ఆగిపోతుంది, ఎంత నొక్కినా పలకదు. రోజంతా అలా మాటిమాటికీ చేతులు కట్టుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు. నాకసలే ఓపిక తక్కువ. ఒకరోజు కేబుల్ మూత విప్పి ఆ తీగ తెంపి, బల్లకు ఎప్పుడూ కానిమ్మన్నట్టే ఉండేలా అతికించాను. పని పరుగెత్తింది. మా సారు భుజం తట్టారు. కొన్ని చుక్కలు దారిలోనే పోతున్నాయని నాకు తోచలేదు. పోయినా తెలిసేది కాదు, మిగిలిన వాటిని ప్రోగ్రాం తిన్నని గీతతో కలిపేసేది.

వర్ధన్నపేట దగ్గరున్న మా ఊరి వంతు వచ్చింది. కంప్యూటర్‌లోని నక్షాను గీసిపెట్టే ప్లాటర్ యంత్రం నుంచి వచ్చిన కాగితాన్ని చుట్టచుట్టి ఇంటికి పట్టుకుపోయాను. కంప్యూటర్‌లో తప్పుండదని వాకిట్లోనే గొప్పలు పోయాను. బాపు కాగితం మీద వేలు పెట్టి మా పొలం వెతుక్కున్నాడు. బావిని చుట్టి రావలసిన హద్దు తిన్నగా పోయింది. బావి పక్క పొలం చిన్నాయన వైపు పడింది. ఆ బావి ఎవరిదనే పేచీతోనే అన్నదమ్ములిద్దరికీ మాటలు పోయాయి.

మండిపడతాడనుకున్నాను. బాపు ఆ తిన్నని గీత వెంట మళ్లీ ఒకసారి వేలు జరిపాడు.

"కంప్యూటర్ల గిట్లున్నదంటే తప్పు నాదేనేమో కొడుకా. గిన్నేండ్లు తమ్ముని నీళ్లు వాడుకున్ననా? రేపు పోయి, బాయి నీదేరా అని చెప్పొస్త."

బావి చుట్టూ నేను నొక్కిన చుక్కలు కంప్యూటర్‌కు చేరనేలేదని నాకప్పుడు తట్టింది. తన కళ్లకంటే నా మాటనే ఎక్కువ నమ్మాడు.

"బాపూ, తప్పు నీది కాదు, కంప్యూటర్‌ది గూడ కాదు. నాది" అని, తీగ తెంపిన సంగతంతా చెప్పాను. పాత నక్షాలో హద్దు సరిగానే ఉందనీ, బావి మనదేననీ, రేపే మన ఊరిది మళ్లీ చేస్తాననీ అన్నాను.

ఆయన మొహంలో సంతోషమేమీ కనిపించలేదు.

"ఇంకెన్ని ఊర్లు చేసినవ్ గిట్ల?"

"పదకొండు."

బాపు కాగితం చుట్టి నా చేతిలో పెట్టాడు.

"మరి గా ఊర్లోల్ల కొడుకులు ఎవలన్న ఉన్నరా మీ ఆఫీసుల?" అన్నాడు.