అత్త గుప్పెడు ఎన్ని గ్రాములు

మా అత్త కొత్తిమీర పచ్చడికి కొలత ఒకటే, గుప్పెడు. ఇంట్లో నలుగురికైతే ఆ కొలతతో పేచీ లేదు. కానీ కూర్మన్నపాలెంలో మా చర్చి సంఘం ఏటా కోత పండక్కి ప్రేమ విందు పెడుతుంది. ఆ రోజు అందరికీ పచ్చడి మా అత్తదే. పెద్ద డేగిసా ముందు కూర్చుని, సన్నగా కూనిరాగం తీస్తూ గుప్పెళ్ళతో ఆకు వేసేది. లెక్క పెట్టకుండానే సరిగ్గా ఆపేసేది.

ఈసారి పండగ దగ్గర పడుతుండగా బాత్రూంలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టారు. వేళ్ళు బయటికే ఉన్నాయి గానీ వాటిలో పట్టు లేదు.

"పచ్చడి పని ఇంకెవులికైనా సెప్పుకోమను. నా సెయ్యి పోయింది," అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ ఒక్క పనీ పోతే సంఘంలో తానొక వెనక బెంచీ ముసలమ్మ అయిపోతానని ఆమె భయం. అది తెలిసీ ఊరుకోవడం నా వల్ల కాదు.

నేను తూకం మనిషిని. వంటింట్లో గ్రాముల కాటా పెట్టుకున్నందుకు "బంగారం కొట్టు" అని ఆమె నన్ను ఆటపట్టిస్తూ ఉంటుంది. గుప్పెడంటే ఎన్ని గ్రాములో తేలితే చాలు, పచ్చడి నేను చేస్తాను, పేరు ఆమెకే ఉంటుంది అనుకున్నాను. తగరపువలస నుంచి వచ్చిన లేత కొత్తిమీర ఆమె ముందు పోసి, ఎడం చేత్తో పట్టమన్నాను.

"దేవుడి విందుకి ఎడం సేత్తోనా? ఏటే, మతుందా నీకు?"

చివరికి కట్టు చేత్తోనే పట్టింది. ఆ కాసింత ఆకునీ తూచి, లెక్క కట్టి, కొంచెం పచ్చడి నూరాను. కొండను తవ్వి ఎలకను పట్టాను. చింతపండు పులుపే తప్ప ఆకు జాడ లేదు. అత్త నాలిక్కి రాసుకుంది, కళ్ళు నిండాయి. నా మీద నాకే చిర్రెత్తుకొచ్చింది. నొప్పితో వదులైన పట్టుని ఆమె కొలత అనుకున్నాను మరి.

మధ్యాహ్నమైంది. సముద్రం మీంచి తడిగాలి వస్తోంది. స్టీల్ ప్లాంటు వైపు నుంచి సన్నని రొద. కొత్తిమీర వాసనకి ఇల్లంతా మగతగా ఉంది, నేను మేలుకుని ఉన్నానో లేదో నాకే తెలియడం లేదు. అత్త కుడిచెయ్యి దిండు మీద తెరుచుకుని ఉంది. ఎందుకో ఆ అరచేతిలో ఒక రెమ్మ పెట్టాను. ఇంకో రెమ్మ. మరికొన్ని. ఆమె కళ్ళు తెరవలేదు. నిద్రపోయే పిల్లకి దుప్పటి కప్పినంత మెల్లగా పెడుతూనే ఉన్నాను.

"ఇంకొంచెం," అంది కళ్ళు మూసుకునే.

పెట్టాను.

"ఆఁ. సాలు."

కాటా మీద పెడితే ఇందాకటి దానికి రెట్టింపు. ఈసారి ముదురు కాడల కట్ట విప్పి పెట్టాను. లేత ఆకులా అణగదు కదా, అరచేతిలో పెద్ద కుప్పయింది. చూస్తే ఎక్కువే అనిపించింది. ఆమె మళ్ళీ "సాలు" అంది. కాటా అదే అంకె చూపించింది.

పట్టు పోయింది గానీ బరువు తూచే ఆ చెయ్యి ఎక్కడికీ పోలేదు. ఆమె లేచి వంటింట్లోకి రావడం చూసి నాకెంత సంతోషమైందో చెప్పలేను.

విందు రోజు ఆమె అరచేత్తో కొలిస్తే నేను నూరిన పచ్చడి, గిన్నెల అడుగు కనిపించేదాకా ఖాళీ అయింది. పాస్టరమ్మ గారు వచ్చి, "ఈ కట్టుతోనే చేశారా అమ్మా, ఎప్పటి రుచే" అన్నారు. అవునని చెప్పబోయాను. అత్త నన్ను ముందుకు నెట్టింది.

"నాను కాదమ్మగారూ, మా కోడలు సేసింది. వచ్చే ఏడు నుంచి దీనికే సెప్పండి."


ఏ పని పోతుందని గోడవైపు తిరిగి పడుకుందో, ఆ పనిని నలుగురిలో నాకిచ్చేసింది.