మామ పిస్తోలు, నా కోపం

చాంద్రాయణగుట్ట చౌరస్తాకు ఇంకా ఫ్లైఓవర్ రాని ఆ కాలంలో నాకు కోపం చాలా చవకగా వచ్చేది. ఇప్పుడు కోపగించుకోవాలంటే ముందు బీపీ మాత్ర వేసుకున్నానో లేదో చూసుకోవాలి. అప్పుడు ఇరవై రెండేళ్ల వాణ్ణి. పదో తరగతితో బడి మానేసి, ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలతో చక్రవడ్డీ, తరుగుదల సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. ఎదుటివాడు ఒక చిన్న లెక్క తప్పు చెబితే కంట్లో నలుసు పడ్డట్టు గిలగిలలాడేవాణ్ణి. అలాంటి నన్ను తీసుకెళ్లి గౌలిపురలో మా మేనమామ పాల కొట్టులో కూర్చోబెట్టారు. మామ గేదెను చూసి ఎన్ని పాలిస్తుందో చెప్పగలడు. ఆ పాలు అమ్మితే ఎంత మిగులుతుందో మాత్రం దేవుడు కూడా ఆయన చేత చెప్పించలేడు.

అంతకుముందు వేసవిలో పాలు విరిగి విరిగి, మా దగ్గర తీసుకునే రెండు చాయ్ హోటళ్ల వాళ్లు మానేశారు. ఇంకొక్క పెద్ద హోటల్ మిగిలింది. అదీ పోతే కొట్టు మూసుకోవడమే. అందుకని అత్త తన పుట్టింటివాళ్లిచ్చిన గేదెలను అమ్మించి, పాలు చల్లబరిచే కూలర్ కోసం మూడు లక్షలు కూడబెట్టింది. సరిగ్గా అప్పుడే మామకు పిస్తోలు లైసెన్సు వచ్చింది. వసూళ్లు తెస్తుంటే ఎవడో బండి మీద వచ్చి సంచీ లాక్కుపోయాడని ఆయన దరఖాస్తు పెట్టుకున్నాడు. (సంచీలో ఉన్నది గేదెలకు పెట్టే తెలగపిండి నమూనా. వసూలు డబ్బు బనియన్ జేబులో చల్లగా ఉంది. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు.)

"పాలు కాపాడనీకి దిక్కులేదు గానీ, నీ నడుముకు పిస్తోల్ గావాల్నా?" అంది అత్త.

"నీకేం ఎర్క? సదర్ నాడు మన దున్నపోతు ముంగట నేను నడుస్తుంటే బస్తీ మొత్తం జూడాలె!" అన్నాడు మామ. సదర్ అంటే దీపావళి వెళ్లాక దున్నపోతులకు పూలదండలేసి ఊరేగించే మా పాలవాళ్ల పండుగ.

"బస్తీ దున్నపోతును జూస్తది. నిన్నెవడు జూస్తడయ్యా?"

ఆ మాటతో మామ పంతం ముదిరింది. మర్నాడే నన్ను వెంటబెట్టుకుని మూసీ అవతల తుపాకుల దుకాణానికి బయలుదేరాడు. దారంతా నాకు ఒళ్లు మండుతూనే ఉంది. దుకాణాయన మఖ్మల్ గుడ్డ పరిచి, దాని మీద పసిపిల్లను పడుకోబెట్టినట్టు ఒక విదేశీ పిస్తోలు పెట్టాడు. పాతదేనట, కానీ పూర్తిగా "మాడర్నైజ్" చేశారట. ధర మూడు లక్షల ఎనభై వేలు. అంటే కూలర్ డబ్బంతా పోగా, పైన ఇంకో ఎనభై వేలు అప్పు. అబద్ధమెందుకు, వస్తువు మంచిదే. పలచగా ఉంది, బట్టలకు తట్టుకునే మూలలన్నీ నున్నగా అరగదీశారు, పిడి చేతిలో జారదు, గురి చూసే చోట చీకట్లో మెరిసే చుక్కలు పెట్టారు. కానీ అదే తూటా పేల్చే సర్కారీ ఫ్యాక్టరీ పిస్తోలు లక్ష లోపే వస్తుంది. బయటి దేశాల నుంచి కొత్తవి రావు గనక ఉన్న పాతవే చేతులు మారుతూ ధర పెంచుకుంటున్నాయి. ముసలి గేదె కొమ్ములకు నూనె రాసి ఇంకా ఈనని లేత పడ్డ అని అంటగట్టేవాళ్లను ఆమడ దూరంలో పసిగట్టే మా మామ, ఈ నూనె కొమ్ముల ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాడు!

"మామా, ఎలక్షన్లు వస్తే దీన్ని పోలీస్ స్టేషన్ల జమజెయ్యాలె. పెండ్లిలకు, ఊరేగింపులకు పట్టుకపోనీకి లేదు. లైసెన్సుల రాసుంది. సదర్‌ల నడుస్తనంటివి గదా?"

"గవన్నీ రాస్తర్రా. ఎవడు సదువుతడు?"

"నేను సదివిన! మరి ఎప్పుడు పెట్టుకుంటవు?"

"ఇంట్ల పెట్టుకుంట. నీకేం తక్లీఫ్?"

నా గొంతు దుకాణం దద్దరిల్లేలా లేచింది. తూటాల ఖర్చు చెప్పాను, తరుగుదల చెప్పాను, కూలర్ లేకపోతే హోటల్ పోతుందని చెప్పాను. మామ పిస్తోలును అటూ ఇటూ తిప్పుతూ, "తోలు, తోలు, ఇంకా తోలు" అన్నాడు. (గేదెలను తోలినట్టు నన్ను మాటలు తోలమంటున్నాడన్నమాట.) ఇంతలో దుకాణాయన చివరి అస్త్రం తీశాడు.

"సేఠ్, యే ఖాస్ క్యారీ పిస్తోల్ హై. దిన్ భర్ క్యారీ కరో, కిసీ కో మాలూమ్ నై హోతా."

రోజంతా క్యారీ చేసినా ఎవరికీ తెలియదట. మామ చెయ్యి ఆగిపోయింది. మా గౌలిపురలో క్యారీ అంటే ఒకటే వస్తువు: పెరుగు పోసి ముడేసి ఇచ్చే ప్లాస్టిక్ సంచీ.

"క్యారీలనా?"

"హౌ సేఠ్, క్యారీ కే వాస్తేఇచ్ బనాయే." క్యారీ కోసమే చేశారట.

"మూడు లక్షల ఎనభై వేలు బెట్టి కొని, పావుకిలో పెరుగు లెక్క క్యారీల ఏస్కొని తిరగాల్నా? తోలు కవరు గూడ ఇయ్యరా?"

"హోల్‌స్టర్ అలగ్ హై సేఠ్. ఛే హజార్."

"జూసినవారా అల్లుడా! సంచీకి మళ్ల ఆరు వేలంట! ఇజ్జత్ ఉన్నోడు కొంటడా గిది?"

నా నాలుక చివర సరైన అర్థం సిద్ధంగా ఉంది: మామా, క్యారీ అంటే ఒంటి మీద పెట్టుకుని తిరగడం. ఆ ఒక్క మాట అంటే పిస్తోలు ఇంటికొస్తుంది, కూలర్ పోతుంది. తప్పు విని దిద్దకుండా ఉండటం నా జన్మలో అదే మొదటిసారి. పళ్లు బిగబట్టి, దుకాణాయన మొహం చూడకుండా, మామ వెనకాలే మెట్లు దిగాను. నేను గొంతు చించుకుని చెప్పిన నిజాలు ఒక్కటీ ఎక్కని ఆ చెవికి, పెరుగు సంచీ ఎక్కింది! ఆటోలో ఇంటిదాకా కూలర్ గెలిచిన ఆనందం కన్నా నా లెక్క ఓడిన కోపమే ఎక్కువగా ఉంది.

ఎండలు ముదరకముందే కూలర్ వచ్చింది. హోటల్ నిలిచింది. మామ మాత్రం దొరికిన ప్రతివాడికీ ఆ కథ చెప్పడం మొదలుపెట్టాడు. మొన్న జల్‌పల్లిలో ఒక గృహప్రవేశంలోనూ భోజనాల దగ్గర అందుకున్నాడు: "మావోడు లెక్కల్ల మొనగాడే గానీ, దునియా తెల్వదు. ఆ దుకాణపోడు క్యారీల బెట్టి అంటగడ్తుంటే బొమ్మ లెక్క నిలబడ్డడు. నేనే పట్టిన! అవునా కాదా అల్లుడా?"

"అవును మామా," అన్నాను. పక్కన అత్త విస్తట్లోకి తల వంచుకుని నవ్వు ఆపుకుంటోంది. ఆమెకు అసలు సంగతి ఎప్పుడో తెలుసు. జవాబు ఒప్పు, చేసిన పద్ధతి మొత్తం తప్పు. ఇలాంటి లెక్కకు ఆ ఇరవై రెండేళ్ల కుర్రాడైతే సున్నా వేసేవాడు. వాడింకా నాలోపల కూర్చుని పళ్లు నూరుతూనే ఉంటాడు. వాడి భుజం తట్టి చెబుతుంటాను: ఊరుకో నాయనా, పాలు విరగలేదుగా.