పాలు కలపని టీ

టిపాంకోకి కూడు పెట్టింది అనుమానమే. రాబందులు రెక్కలు ముడుచుకుని చెట్టు మీద ఊరికే కూర్చుంటే అనుమానం. జీబ్రాలన్నీ మేత మాని ఒకే పొద వైపు చూస్తుంటే అనుమానం. నిన్న లేని పుట్ట ఇవాళ గడ్డిలో కనిపిస్తే జీపు ఆపేసేవాడు, కాసేపటికి ఆ పుట్ట తోక ఊపేది. తలెక్ ఏటి ఒడ్డున ఇరవై రెండేళ్లుగా జీపు తోలుతున్న ఈ మసాయి తెగ మనిషి కోసం ఫోటోలు తీసేవాళ్లు ఏడాది ముందే ఉత్తరాలు రాసేవారు. మిగతా డ్రైవర్లు వైర్‌లెస్‌లో కబురు అందాక జీపు తిప్పేవారు. ఆ కబురు పెట్టేది ఎక్కువగా టిపాంకోనే.

ఆ గుణం మృగాల దగ్గర ఆగిపోతే బాగుండేది. జీపెక్కిన అతిథుల ఫోన్లన్నీ ముందు ఒక సంచిలో వేయించేవాడు. ఫోటోతో పాటు చోటు కూడా బయటికి పొక్కుతుందని, ఖడ్గమృగాల కొమ్ముల దొంగలు దాన్ని పట్టుకుని దిగుతారని అతని భయం. అందులో తప్పేమీ లేదు. కానీ మెకానిక్ కొత్త బ్రేకులు వేస్తే, పాతవాటికే రంగు పూశాడేమోనని గోటితో గీకి చూసేవాడు. భార్య రెసియాన్ పుట్టింటికి వెళ్తానంటే ఎందుకని మూడుసార్లు అడిగేవాడు.

"సంకావు నాన్నా, నేను మనిషిని. చిరుతపులిని కాను. నా అడుగుజాడలు వెతక్కండి," అనేది ఆవిడ, కొడుకు పేరుతో అతన్ని పిలుస్తూ.

అతను అనుమానించని మనిషి ఒక్కడే ఉండేవాడు, మొయింకెట్. ఇద్దరికీ ఒకే రోజు సున్తీ జరిగింది, ఇద్దరూ ఒకే జట్టులో యోధులయ్యారు. ఆ వయసులో మసాయి కుర్రాడు పాలు ఒంటరిగా తాగకూడదు, జట్టువాడు పక్కన ఉండి తీరాలి. పెళ్లిళ్లయ్యి పెద్దమనుషులయ్యాక ఆ నియమం అందరికీ సడలిపోతుంది. వీళ్లిద్దరూ మాత్రం నలభై ఆరేళ్లొచ్చినా దాన్ని వదల్లేదు. టిపాంకో జీపులో తాగే టీలో పాలు ఉండేవి కావు, పక్కన మొయింకెట్ ఉండడు కాబట్టి. పాపం కడుపు బాగోలేదేమోనని అతిథులు మాత్రలిచ్చేవారు. పాల మీదికి మనసు పోతే మొయింకెట్ పశువుల దొడ్డి దాకా నడిచి వెళ్లేవాడు. ఒకే సొరబుర్ర ఇద్దరి మధ్య తిరిగేది. మొయింకెట్ తల్లి ఒకే చోట కూర్చుని గుచ్చిన రెండు పూసల పట్టీలు ఇద్దరి కుడి మణికట్లకూ ఉండేవి.

ఆ ఏడు ఎండలు ముదిరిన వేళ, మొయింకెట్ మందలో మెడగంట మోగిస్తూ అన్నిటికీ ముందు నడిచే ఆవును సింహం కొట్టింది. మామూలు సింహం కాదు, సికియో. చెవి చిరిగిన ఆ ఆడ సింహానికి డ్రైవర్లు పెట్టుకున్న పేరు అది, చెవి అని అర్థం. పొదల్లో దానికి మూడు పిల్లలు. వాటి కళ్లు తెరుచుకోకముందు నుంచీ టిపాంకో కాపలా కాశాడు, ఏ జీపునూ దగ్గరికి రానివ్వలేదు. పొరుగు లోయలో రెండేళ్ల కిందట ఎవరో చచ్చిన ఆవు మీద విషం చల్లితే ఒక సింహాల గుంపంతా నురగలు కక్కుకుని పడిపోయింది. ఆ దృశ్యం అతని కళ్లలోంచి పోలేదు.

పలకరించడానికి వెళ్తే మొయింకెట్ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. తల్లిలేని దూడను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నష్టపరిహారం కాగితాల మాట టిపాంకో ఎత్తితే నవ్వాడు.

"కాగితం పాలిస్తుందేంట్రా? నీ సింహానికి మా ఆవు అరిగిందో లేదో కనుక్కో ముందు."

దూడకు జ్వరం వస్తేనే ఊరంతా ఏకం చేసే మనిషి ఇంత నెమ్మదిగా ఉన్నాడేమిటని టిపాంకోకి అప్పుడే మనసులో ఏదో మెదిలింది. ముప్పై ఏళ్ల స్నేహంలో అదే మొదటిసారి.

మర్నాడు సంతలో పశువుల మందులమ్మే కొట్టులోంచి మొయింకెట్ బయటికొచ్చాడు. టిపాంకోని చూడగానే చేతిలోని కాగితం పొట్లాన్ని ఎర్రగళ్ల దుప్పటి కిందికి తోశాడు.

"ఏంట్రా అది?"

"ఉప్పు."

"మందుల కొట్లో ఉప్పా?"

"మా ఆవు చప్పగా ఉందేమోనని. నీ సికియో ఇంకా సగమే తింది కదా. మిగతాదైనా రుచిగా తింటుందని కొన్నా," అని మొయింకెట్ భుజం చరిచి వెళ్లిపోయాడు.

మామూలుగా అయితే టిపాంకో ఆ మాటకు కడుపుబ్బ నవ్వేవాడు. ఆ రోజు నవ్వు రాలేదు. కొట్టువాణ్ని అడుగుదామనుకుని రెండడుగులు వేశాడు, అడిగితే కబురు మొయింకెట్‌కి చేరుతుందని ఆగిపోయాడు. అడిగి ఉంటే కథ అక్కడే ముగిసేది.

ఆ తరవాతి రోజు అతని జీపులో బ్రిట్టా అనే జర్మన్ ఆవిడ ఉంది. అరవై దాటిన మనిషి, మూరెడు పొడవున్న లెన్సును ఒళ్లో పసిబిడ్డలా పట్టుకుని తిరిగేది. పొద్దు నడినెత్తికొచ్చింది. సికియో పిల్లల్ని వెంటేసుకుని నీళ్లకు దిగింది. గుట్ట మీద జీపు ఆపుకుని వీళ్లు చూస్తుండగా, ఏటికి ఇవతల ఆవు కళేబరం దగ్గరికి ఎర్ర దుప్పటి మనిషొకడు వంగి వంగి వచ్చాడు.

"రంగు ఎంత బావుందో," అంటూ బ్రిట్టా వరసగా ఫోటోలు తీసింది.

"ఇటివ్వండమ్మా, ఒకసారి చూడనివ్వండి," అన్నాడు టిపాంకో.

కెమెరా తెర మీద బొమ్మను పెద్దది చేశాడు. మొహం కనపళ్లేదు. కుడి మణికట్టు కనిపించింది. తెల్ల పూసలు, నీలం గీత, గీత చివర తల్లి చూపు ఆనక తప్పు గుచ్చిన ఒక్క ఎర్రపూస. ఆ ఎర్రపూస అతని పట్టీకి కూడా ఉంది. దుప్పటి మడతలోంచి కాగితం పొట్లం అంచు బయటికొచ్చి ఉంది.

జట్టువాడి మీద మాటొస్తే ముందు మొహం మీద అడగాలి. అతను కాదంటే జట్టు పెద్దల ముందు కూర్చోవాలి. సర్కారు మనిషిని జట్టువాడి మీదికి తోలడమన్నది వాళ్లలో లేదు. గుట్ట దిగితే అయిదు నిమిషాల దారి. టిపాంకో చేయి గేరు మీదికి పోలేదు, వైర్‌లెస్ మీదికి పోయింది. అతిథులకు అర్థం కాకుండా మృగాలకు మారుపేర్లు వాడే ఆ వైర్‌లెస్‌లో అతను ఆవు మీద విషం చల్లుతున్నది మొయింకెట్ అని ఇంటిపేరుతో సహా చెప్పాడు. మైదానంలో ఉన్న ప్రతి జీపులోనూ ఆ మాట వినపడింది.

గార్డులు దగ్గర్లోనే ఉన్నారు, బండేసుకుని వచ్చి చుట్టుముట్టారు. టిపాంకో దుర్భిణిలోంచి చూశాడు. వాళ్లు పొట్లం విప్పారు, తెల్లటి పొడి. మొయింకెట్ ఏదో చెప్తూ ఒక చిటికెడు తీసి నోట్లో వేసుకోబోయాడు. గార్డు చేతిమీద కొట్టి వంచాడు.

"చూశారా అమ్మా, తినేసి చావబోయాడు," అన్నాడు టిపాంకో. సింహం దక్కిందన్న ఊరట, స్నేహితుడు చేజారాడన్న ఏడుపు ఒకేసారి వచ్చాయి.

మొయింకెట్‌కి బేడీలు వేశారు. పొడి పరీక్షకు నైరోబి వెళ్లింది. నాలిక మీద వేసుకుని చూద్దామన్న బుద్ధి అంతమందిలో ఒక్కరికీ పుట్టలేదు.

మర్నాడు క్యాంపు భోజనాల డేరాలో బ్రిట్టా ఆ ఫోటోలన్నీ పెద్ద తెర మీద వరసగా వేసి చూస్తోంది. టిపాంకో ఆమె వెనక నల్లటీ కప్పుతో నిలబడ్డాడు.

"ఎడమ చేతిలో ఇదేంటి టిపాంకో? గంటలా ఉందే. విషం పెట్టేవాడికి గంటెందుకు?"

ఆ ఒక్క మాటతో టిపాంకోకి అంతా తెలిసిపోయింది. అది ప్రతి మసాయి పిల్లాడికీ తెలిసిన పని. తల్లిలేని దూడను వేరే ఆవు దగ్గరికి రానివ్వదు. దూడ ఒంటికి ఉప్పు రుద్దుతారు, ఆవు నాకుతుంది, నాకి నాకి తనదనుకుంటుంది. తల్లి గంట ఆ ఆవు మెడలో కడితే దూడ కూడా ఆ చప్పుడుకు దారి పడుతుంది. మొయింకెట్ సింహం నీళ్లకు పోయేదాకా రెండు రోజులు కాచుకుని, ప్రాణాలకు తెగించి వచ్చింది ఆ గంట కోసం. ఉప్పు చూస్తే గంట సంగతి పసిగట్టి ఆపుతాడనే టిపాంకో కంట పడకుండా దాచాడు, గంట దొరికితే నేరుగా దూడ దగ్గరికే పోదామని మడతలోనే ఉంచుకున్నాడు. ఉప్పని నిజమే చెప్పాడు. నిజమని టిపాంకో నమ్మలేదు, అంతే.

గార్డుల దగ్గరికి పరుగెత్తాడు. "ఉప్పయ్యా అది, వట్టి ఉప్పు."

"నిన్న విషమన్నదీ నువ్వే కదన్నా," అన్నాడు గార్డు. "నైరోబి నుంచి కాగితం రానీ."

కాగితం మూడో రోజుకు వచ్చింది, ఉప్పేనని తేలి మొయింకెట్‌ని వదిలేశారు. దూడ రెండో రోజే చచ్చిపోయింది. మొయింకెట్ భార్య దాన్ని ఏ ఆవు దగ్గరికి తోసినా ఆ ఆవు కాలితో తన్నిందట.

పెద్దలు చెప్పకముందే టిపాంకో తన మందలోని మంచి పెయ్యను తోలుకుని మొయింకెట్ దొడ్డి దాకా వెళ్లాడు. దారంతా సిగ్గుతో తల ఎత్తలేదు. మొయింకెట్ పెయ్య పళ్లు చూశాడు, వీపు నిమిరాడు, కంచె లోపలికి తోలాడు. కాదనలేదు, కసరలేదు.

"తప్పయిపోయిందిరా," అన్నాడు టిపాంకో.

"పెయ్య బావుంది. తప్పుకి చాలు," అన్నాడు మొయింకెట్. "గంట కూడా ఇచ్చేశారు. కూర్చో."

ఇద్దరూ ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నారు. మొయింకెట్ భార్య సొరబుర్ర నిండా పాలు తెచ్చి అలవాటు కొద్దీ ఇద్దరి మధ్యా పెట్టింది. టిపాంకోకి గుండె తేలికపడింది. కుదిరిపోయిందనుకున్నాడు, చేయి కూడా కొంచెం ముందుకు చాచాడు.

మొయింకెట్ బుర్ర ఎత్తి తాగడం మొదలుపెట్టాడు. సగమయ్యాక ఆపలేదు. ఆఖరి చుక్క దాకా తాగి, మూతి తుడుచుకుని, ఖాళీ బుర్ర భార్య చేతికిచ్చాడు. ఆవిడ నేలచూపులు చూసింది. టిపాంకో చాచిన చేయి వెనక్కి తీసుకున్నాడు.

"సింహం పిల్లలు బావున్నాయా?" అని అడిగాడు మొయింకెట్.

"బావున్నాయి."

"మంచిది. ఎండెక్కకముందే బయల్దేరు. నీ దొరలు కాచుకునుంటారు."

సికియో ఆ ఏడంతా క్షేమంగా ఉంది, పిల్లలు మూడూ బతికాయి. బ్రిట్టా మళ్లీ వచ్చి వాటిని ఫోటోలు తీసింది. ఇప్పుడు టిపాంకో జీపులోనూ ఇంట్లోనూ పాలు లేని టీయే తాగుతాడు, పాల మీదికి మనసు పోయినా మొయింకెట్ దొడ్డి వైపు నడవడు. రెసియాన్ ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు.